దేనికి ఆమెన్ అన్నవ్?

కొత్తవాడ, వరంగల్
జూలై 14, సోమవారం

ప్రియమైన నాన్నకు,

నీ పెద్ద బిడ్డ హెప్సిబా ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను, ప్రమీల చిన్నమ్మ, ఆమె మోకాళ్ళ నొప్పులు, ముగ్గురం క్షేమమే. డోర్నకల్‌లో నువ్వూ అమ్మా బాగున్నారనే నమ్ముతున్నాను. పట్టాల వెంట ముప్పై ఏళ్ళు సుత్తె పట్టుకుని తిరిగిన నీ చెవులకు ఫోన్‌లో నా మాట అందదు. మెసేజ్ పెడితే నీకు కళ్ళద్దాలు దొరకవు. ఒకందుకు ఉత్తరమే మంచిది. ఇందులో రాయబోయేదంతా నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. చిన్నమ్మను దవాఖానకు తీసుకుపోయావా అన్నది మొదటిది. తీసుకుపోయాను. డాక్టరు మందులూ రాశాడు, నడకా రాశాడు. ఆమె మందులు మాత్రం వేసుకుంటున్నది. రెండోది, చిన్నమ్మ నీకు చెప్పిన ఆ ఎప్సిలాన్ ఎవరని. మూడోది, పొద్దున్నే ఫోన్ ముందు నలుగురు కలిసి చదివితే ఎమ్మెస్సీ లెక్కలు నిజంగా వస్తాయా అని. దాని కింద గీత గీసి మరీ రాశావు: "ఈసారి మార్కులు చూస్త. తక్కువొస్తే ఈ ఫోన్ సదువు బంద్ జేసి ఇంటికి రా. ఇక్కడ పిల్లలకు ట్యూషన్ చెప్పుకుందువు." ఆ గీత చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. మార్కులు మొన్న శుక్రవారం వచ్చాయి. వరుసగా చెబుతాను, కాగితం వెనక్కి తిప్పి చూడకు.

ఎప్సిలాన్ మనిషి కాదు నాన్నా. ఎంత చిన్నదైనా కావచ్చు గానీ సున్నా మాత్రం కాకూడని సంఖ్యకు పెట్టుకున్న పేరు. దానికి జోడుగా వచ్చే ఇంకో చిన్న సంఖ్య పేరు డెల్టా. మా పెద్ద లెక్కల్లో సగం ఈ ఇద్దరి కాపురమే. తలుపు అవతల నుంచి విన్న చిన్నమ్మ, నా స్నేహితులు నా పేరు పాడు చేస్తున్నారనుకుంది. "బైబిల్ల పేరు సక్కగ హెప్సిబా అని పెట్టుకుంటే, ఎప్సిలాన్ ఎప్సిలాన్ అంటరేందే? జర చెప్పు వాళ్ళకు" అని నాలుగు రోజులు సతాయించింది. ఆ సంగతి మా వాళ్ళకు చెప్పడం నాదే తప్పు. ఇప్పుడు గుంపులో నా పేరు నిజంగానే ఎప్సిలాన్ అయి కూర్చుంది.

మేం నలుగురం ఒకే క్లాసు. రుహీ రోజూ మరిపెడ నుంచి బస్సులో వచ్చిపోతుంది. స్వప్నకు రెండేళ్ళ పాప. ప్రశాంత్ క్లాసులు కాగానే మందుల షాపులో డ్యూటీకి పరుగెత్తాలి. నలుగురం ఒకచోట కూర్చునే వీలే లేదు. అందుకని పొద్దున ఐదున్నరకు ఫోన్‌లో కలుస్తాం.

మొదటి ఐదు నెలలూ నీ అనుమానమే నిజమైంది. ప్రశాంత్ లెక్క చేసి ఫొటో పెట్టేవాడు, మేం ముగ్గురం కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టేవాళ్ళం. కెమెరాలు ఆపి ఉండేవి. స్వప్న పాపకు పాలు పట్టేది. నేను దుప్పటి తీయకుండానే 'అర్థమైంది' అని కొట్టేదాన్ని. ఒంటరిగా పుస్తకం ముందు కూర్చుంటే, రాలేదన్న సంగతైనా తెలిసేది. గుంపులో అదీ తెలియలేదు. పక్కవాళ్ళకు వచ్చింది కదా, మనకూ వచ్చినట్టే అనిపించేది.

జనవరిలో నాకు గట్టిగా బుద్ధి వచ్చింది. ఎందుకు వచ్చిందో చివర చెబుతాను. చిన్నప్పుడు శుక్రవారం ఇంటింటి ప్రార్థనల్లో పిల్లలం తొందరపడి మధ్యలోనే ఆమెన్ అంటే, నువ్వు కళ్ళు తెరిచి "దేనికి ఆమెన్ అన్నవ్ బిడ్డా, చెప్పు" అని అడిగేవాడివి. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ రూలే మా గుంపులో పెట్టాను. బొటనవేళ్ళు బంద్. అర్థమైనవాళ్ళు ఆమెన్ అనాలి. అనగానే మిగతావాళ్ళు 'దేనికి' అని అడగాలి. పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి. రుహీ నవ్వి, "మేం సుత ఆమీన్ అంటం, నాకేం ఫికర్ లేదు" అంది.

ముఖాలు చూసుకోకుండా లెక్క ఎట్ల అర్థమైతదని కూడా రాశావు. ముఖాలు అక్కర్లేదు నాన్నా. బోర్లించిన స్టీలు డబ్బా మీద ఫోన్‌ను అంచు దాటేలా పెట్టి, కింద నోటుబుక్కు ఉంచుతాం. రాసే చెయ్యి అందరికీ కనబడుతుంది. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ అర్థం కాలేదని తెలిసిపోతుంది.

రూలు పెట్టిన వారానికే అసలు దొంగ దొరికాడు. ఆ రోజు పాఠం యూనిఫాం కంటిన్యుటీ. కంటిన్యుటీ అంటే గీత ఎక్కడా తెగకుండా సాగడం. స్వప్న ఆమెన్ అంది. "దేనికి?" అన్నాడు ప్రశాంత్.

"మామూలు కంటిన్యుటీ అంటే ప్రతి పాయింటుకు ఒక డెల్టా ఉంటది. యూనిఫాం అన్నా గదే గదా. పేరే వేరు."

"ఒక డెల్టా అంటే?"

"ఒక అంటే ఒక్కటే. అన్నిటికి అదే."

ప్రశాంత్ చెయ్యి ఆగిపోయింది. "నేనట్ల చెప్పలే. ఒక్కోదానికి ఒక్కోటి అని నా మతలబు" అన్నాడు. ఐదు నెలలుగా అతను 'ఒక' అంటూనే ఉన్నాడు, మేం ముగ్గురం మాకు తోచింది వింటూనే ఉన్నాం.

అప్పుడు రుహీ అంది. "మా ఇంట్ల ప్రతి పిల్లకు ఒక జత చెప్పులున్నయంటే, ఐదుగురం గా ఒక్క జతనే తొడుక్కొని తిరుగుతున్నమా?" నలుగురం పడి పడి నవ్వాం. స్వప్న పాప లేచి ఏడ్చింది. ఆ రోజు నుంచి మా గుంపులో 'ఒక' అన్న మాట నిషేధం. 'ఒక్కో' అనాలి, లేదా 'ఒకే' అనాలి. ఒక్కో డెల్టా అయితే మామూలు కంటిన్యుటీ, ఒకే డెల్టా అయితే యూనిఫాం.

నీ పనిలోని మాటతో చెబుతాను. లైనులో మలుపు మలుపుకూ బండి ఇంత వేగం దాటకూడదని ఉంటుంది. అది ఒక్కో వేగం. అన్ని మలుపులకూ పనికొచ్చే ఒకే వేగం కావాలంటే, అన్నిటికంటే గట్టి మలుపును చూసి పెట్టాలి. మరి మలుపులు పోను పోను అంతులేకుండా బిగుసుకుంటూనే పోతే? అట్లాంటి వేగం దొరకనే దొరకదు. ఎక్స్ స్క్వేర్ అన్న లెక్క సంగతి అదే. ఇది తెలియకముందు పరీక్షలో నేను దొరుకుతుందని రాసి వచ్చాను, అదీ రెండు పేజీలు.

ఇక మార్కులు. రెండో సెమిస్టర్ పేపర్లన్నీ పాసయ్యాను, ఒక్కదాంట్లోనూ డెబ్బైకి తగ్గలేదు. రియల్ అనాలిసిస్‌లో ఎనభై ఒకటి. రుహీకి డెబ్బై ఎనిమిది. పాపను ఒళ్ళో పెట్టుకుని చదివిన స్వప్నకు ఎనభై ఆరు. మాకు చెప్పీ చెప్పీ తన లెక్కలు ఇంకా పదునెక్కాయని ప్రశాంత్ అంటాడు, క్లాసులో ఫస్టు వాడే. ఎవరినీ మెచ్చుకోని కుమారస్వామి సారు నన్నూ రుహీనీ స్వప్ననూ పిలిచి, "మీ ముగ్గురి పేపర్లల్ల ఒక్క తీరు తప్పు దొరుకుతదేమోనని ఎతికిన. దొరకలే. ముగ్గురు మూడు తీర్ల చెప్పిన్రు, మూడూ కరెక్టే. ఎవల దగ్గర ట్యూషన్ పోయిన్రు?" అని అడిగాడు. రుహీ తడుముకోకుండా, "డోర్నకల్ల హెప్సిబా వాళ్ళ నాన్న దగ్గర సార్" అంది. ఆ క్షణాన నువ్వు అక్కడ ఉండాల్సింది. నాకు ఎంత గర్వంగా ఉండిందో రాయడం చేతకావడం లేదు.

రియల్ అనాలిసిస్ మొదటి సెమిస్టర్‌లోనే అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు రాశావని నువ్వు అడుగుతావు. ఆ పేపర్‌లో అరవై ఒకటి వచ్చాయని డిసెంబర్‌లో నీకు రాశాను. అబద్ధం నాన్నా. ఇరవై మూడు వచ్చాయి. ప్రశాంత్ తప్ప మా ముగ్గురికీ ఆ పేపర్ పోయింది, ఇంటికి అబద్ధం రాసింది మాత్రం నేనొక్కదాన్నే. నువ్వు చదువు మాన్పిస్తావన్న భయంతో రాశాను. నువ్వు సంతోషపడి ఊరుకుంటావనుకున్నాను. జనవరిలో అమ్మ ఫోన్ చేసి చెప్పింది, కొత్త సంవత్సరం ఆరాధనలో నువ్వు లేచి నిలబడి సాక్ష్యం చెప్పావని. "మా బిడ్డ పెద్ద లెక్కలల్ల పాసైంది, దేవునికి స్తోత్రం" అన్నావట. సంఘమంతా ఆమెన్ అన్నదట. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. జీవితంలో అబద్ధమాడని మనిషి చేత దేవుని ముందు అబద్ధం చెప్పించాను. మర్నాడు పొద్దున్నే గుంపులో ఆ రూలు పెట్టాను.

కోపం వస్తే రానివ్వు, నాకు రావలసిందే. కానీ చదువు మానను. ఆన్‌లైన్ గుంపు చదువుతో పెద్ద లెక్కలు వస్తాయా అంటే, ఊరికే చేరితే రావు, ఒకరినొకరు వదలకుండా అడిగితే వస్తాయి. ఎనభై ఒకటి అట్లా వచ్చిందే. మెమో జిరాక్స్ ఈ కవరులోనే పెట్టాను, పాత ఇరవై మూడుది కూడా.

వచ్చే శనివారం వస్తున్నాను. ఆదివారం ఆరాధనలో నాకు ఐదు నిమిషాలు కావాలని పాస్టరు గారిని అడిగిపెట్టు. ఈసారి నా సాక్ష్యం నేనే చెప్పుకుంటాను. ముందు ఇరవై మూడు, తర్వాత ఎనభై ఒకటి.

ఇట్లు,
ఈసారి నిజమే రాసిన నీ పెద్ద బిడ్డ,
హెప్సిబా