బాదమాకు నీళ్లలో ఫైటర్

జూన్ 8
ఆదివారం. మార్కెట్ సెలవు. మా ఆయన ఈ వారం కూడా కిమ్ మిల్లు నుంచి రాలేదు. ఫోనూ లేదు. కిమ్ ఏమైనా పరదేశమా... ఒక్క రైలు.

ఉప్పు కోసం బయటికి వెళ్లి మూల మీది చేపల కొట్టు ముందు ఆగాను. లోపల పెద్ద అద్దాల తొట్లు, రంగు దీపాలు. బయట మెట్టు మీద మాత్రం ఎండలో వరసగా ప్లాస్టిక్ కప్పులు. కప్పుకొక చేప. పసుపురంగు నీళ్లు. నీలం చేప ఒకటి పక్కకు ఒరిగిపోయి ఉంది. రోజంతా రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో చీరల్లో లోపాలు వెతికే కళ్లు కదా — దాని తోక చిరగలేదని, కుళ్లుతోందని వెంటనే తెలిసింది.

ఎందుకిలా పెట్టారని అడిగాను. కొట్టు యజమాని భూపత్‌భాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఫైటర్ ఛే, బెన్. ఏక్‌లో జ రహే." ఫైటర్ చేప ఒంటరిగానే ఉంటుందట, దాని జాతే అంతట.

దాన్నే కొన్నాను. ఉప్పు మరిచిపోయి వచ్చాను.

జూన్ 9
బతికే ఉంది. పచ్చడి సీసా కడిగి అందులో వేశాను. అడుగున పడుకుంటుంది. అప్పుడప్పుడు పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందికి. ఆ పైకి రావడమే దానికి పెద్ద పని.

జూన్ 10
ఫోన్‌లో వీడియోలు చూశాను. కొళాయి నీళ్లు తెచ్చినవి తెచ్చినట్టు పోయకూడదు, మందు వాసన పోయేదాకా నిలవ ఉంచాలి. చిటికెడు రాళ్లుప్పు. ఎండిన బాదమాకు — నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, పుండ్లు మానతాయి.

స్కూలు గోడ పక్కన బాదం చెట్టు కింద ఆకులు ఏరుతుంటే కింది వాటాలో ఉండే రాజవ్వ చూసింది.
"ఏందే స్వరూపా, మేకను తెచ్చినవా?"
"చేపను తెచ్చిన."
"చేపకు ఆకులేందే! పులుసుల ఏస్తవా?"
నవ్వింది. నేనూ నవ్వాను. గదిలోకి వచ్చాక ఆలోచించాను, ఎన్నాళ్లయిందో నవ్వి.

జూన్ 13
తిన్నది! నీళ్ల డ్రమ్ములోంచి దోమపిల్లను చెంచాతో తీసి వదిలితే ఒక్క దూకు. నోరు మూసిన చప్పుడు వినిపించినట్టే అనిపించింది.

చెప్పడానికి ఎవరూ లేరు.

జూన్ 15
ఆయన ఫోన్. "ఓవర్‌టైం ఉన్నది, వస్తలేను." సరే అన్నాను. "ఏం చేస్తున్నవ్?" ఏం లేదన్నాను. సీసా నా ఒళ్లోనే ఉంది.

జూన్ 18
ఇంకో రెండు తెచ్చాను. ఎర్రదానికి కడుపు ఉబ్బింది. తెల్లదానికి రెక్కలు పుల్లల్లా మిగిలాయి.

జూన్ 22
మెట్టు మీద కప్పులు రెట్టింపయ్యాయి. భూపత్‌భాయి నన్ను చూసి ఇంత మొహం చేసుకుని, "ఆవో బెన్! తమారా మాటే నవా మంగావ్యా!" అన్నాడు.

నా కోసం కొత్తవి తెప్పించాడట.

నేను బయటికి తీసిన ప్రతి చేప చోటులోకి ఇంకో చేప వచ్చింది. నేనే పిలిచినట్టు. ఒక కప్పులో నల్లది నా వైపే చూస్తూ తోక ఆడించింది. కొనలేదు. ఇంటికి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

జూన్ 23
ఎర్రది పోయింది. పొద్దున చూస్తే పొలుసులన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. నీళ్లు మార్చాను, ఉప్పు వేశాను, చెయ్యి అడ్డం పెట్టి వెలుతురు తగలకుండా కూర్చున్నాను. పనికి పోలేదు. మధ్యాహ్నానికి తేలింది.

బాదం చెట్టు కింద గుంత తీస్తుంటే రాజవ్వ వచ్చింది. ఈసారి పులుసు మాట ఎత్తలేదు. నా చేతిలోంచి చెంచా తీసుకుని తనే తవ్వింది. మట్టి కప్పాక నా మొహం చూసింది.
"ఏడుస్తున్నవా? చేపకే ఏడుస్తున్నవా బిడ్డా, ఇంకెవలకన్ననా?"

జూన్ 29
భూపత్‌భాయి దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఇక కొనను. మోరీలో పారేసే జబ్బు చేపలు ఉంటే నాకివ్వు. ఆదివారం ఆదివారం వచ్చి కప్పుల్లో నీళ్లు నేనే మారుస్తాను. కప్పులు ఎండలోంచి లోపలికి జరుపు.
"ఇస్‌మేఁ ఆప్ కా క్యా ఫాయదా?"
ఇందులో నాకేం లాభమని. నా కాళ్ల వైపు, నా చేతి సంచి వైపు చూశాడు. పిచ్చిదనుకున్నాడేమో. చివరికి, "ఆవజో," అన్నాడు. రమ్మని.

జూలై 6
వాన. బకెట్ నీళ్లు నిన్ననే పట్టి నిలవ ఉంచి మోసుకెళ్లాను. కప్పులు షట్టరు లోపలికి వచ్చాయి. సగం కడిగేసరికి నడుం పట్టేసింది. ఒకావిడ ఫైటర్ కొనడానికి వచ్చి, కప్పులోనే ఉంచొచ్చు కదా అని అడిగింది. ఉంచొద్దు, పెద్ద సీసా కావాలి, మూత ఉండాలి, లేకపోతే దూకుతుంది అన్నాను. ఆవిడ కొనకుండానే పోయింది.
"ధంధో బగాడో ఛో, బెన్," అని గొణిగాడు భూపత్‌భాయి. బేరం చెడగొడుతున్నానని. వెళ్లిపొమ్మని మాత్రం అనలేదు.

నల్లదాన్ని ఇచ్చాడు. దానికి ఒక కన్ను తెల్లబడింది.

జూలై 9
పొద్దున లేచి చూస్తే నీలందాని సీసాలో నీటి మీద చిన్న చిన్న బుడగలు. ఒకదానికొకటి అతుక్కుని, వేలెడంత మేర. గూడు కట్టింది! ఆరోగ్యంగా ఉంటేనే కడుతుందట. లోపలికి రావలసిన ఆడచేప ఏదీ లేదు, అయినా కట్టింది.

ఫోటో తీశాను. ఎవరికి పంపాలో తెలియక ఆయనకు పంపాను.
చూసినట్టు ఫోన్‌లో టిక్కు పడింది. అంతే.

జూలై 10
జవాబు. "ఏందిది? నురగా?"
నాలుగు వరుసలు రాశాను. కొట్టేశాను. "గూడు" అని మాత్రం పంపాను.

జూలై 13
ఆయన వచ్చాడు. చెప్పకుండా. వానకు తడిసి గుమ్మంలో నిలబడితే ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. చిక్కిపోయాడు.

సీసాలన్నీ చూశాడు. "మనిషి లేని ఇంట్ల ఇన్ని పానాలేంది?"
"మనిషి లేకనే."

అన్నం తింటుంటే పాత మాట మళ్లీ లేచింది. సచిన్ పేటలో ఆయన నడిపే మరమగ్గాలు, ఆ సాంచాలు, మూతపడి కిమ్‌కు పోయినప్పటిది. "కిమ్‌కు రమ్మంటె రాకపోతివి." "రమ్మని అడిగినవా? సామాను సదురుమని చెప్పినవ్. నా పని ఏం గావాలె?" "నాకేమన్న సరదా ఉండెనా పోనీకి?" మజ్జిగ పోశాను. వద్దనలేదు.

పడుకున్నాడనుకుని బట్టలు ఆరేసి లోపలికి వస్తే నీలందాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. గాజు మీద వేలు. చేప మొప్పలు గొడుగులా విప్పి ఆ వేలి మీదికి యుద్ధానికి వస్తోంది.
"దీని తల్లి... ఇంత లేదు, నన్నే బెదిరిస్తుంది!"
నవ్వుతున్నాడు. ఆయన నవ్వితే కుడిపక్క పన్ను విరిగింది కనపడుతుంది. ఎప్పుడు విరిగిందో నాకు తెలియదు.

వెళ్లేటప్పుడు, "నాకొకటియ్యి," అన్నాడు. ఏది కావాలని అడిగాను. నీలందాన్నే చూపించాడు. తెల్లదాన్ని తీసుకోమందామని నోటిదాకా వచ్చింది... ఇచ్చాను. వెడల్పు మూత సీసాలో సగం నీళ్లు, సగం గాలి, ఒక బాదమాకు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. నా వైపు చెయ్యి ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు.

జూలై 14
ఫోన్. "నీళ్లు ఎన్నొద్దులకు మార్చాలె?"
చెప్పాను. పెట్టేశాడు.

జూలై 16
"తిన్నది."

జూలై 17
"ఇయ్యాల గూడ తిన్నది. నువ్వు తిన్నవా?"
తిన్నానన్నాను. అబద్ధం. వెంటనే లేచి అన్నం వండుకున్నాను.

జూలై 20
రాలేదు. కొట్టుకు వెళ్లాను. భూపత్‌భాయి ఒక్కడే కూర్చుని కప్పుల్లో పాత నీళ్లు పారబోసి కొత్తవి పోస్తున్నాడు. నన్ను చూసి మగ్గు కింద పెట్టేశాడు, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

తెల్లదానికి రెక్కల అంచున కొత్త చర్మం. గాజులా, కనీకనపడకుండా.

జూలై 24
"ఈడ మిషిన్ల అదురుకు సీసల నీళ్లు వణుకుతున్నయ్. దీనికి నిద్ర పడ్తదా?"
"నీకు పడ్తదా?"
వెనక మిషన్ల హోరు. అదే వింటూ కూర్చున్నాను. ఆయనా పెట్టేయలేదు.

జూలై 26
సీసా కింద పాత దుప్పటి మడత పెట్టాడట. ఫోటో పంపాడు. చేపకంటే గది ఎక్కువ కనిపించింది. ఒక మంచం, తాడు మీద రెండు చొక్కాలు, గోడకు ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఆ గది ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా అడగలేదు నేను.

జూలై 28
"తింటలేదు. అడుగునవడ్డది. నీళ్లు మార్చిన, నువ్వు చెప్పినట్టే ఉప్పేసిన."
కడుపు ఉబ్బిందా, పొలుసులు లేచాయా అని అడిగాను.
"నాకేం తెలుస్తది... జర నువ్వొచ్చి సూడరాదు."
"చేప కోసమేనా?"
మిషన్ల చప్పుడుకు దూరంగా జరిగినట్టున్నాడు.
"చేప కోసమే అనుకో. రా."

జూలై 29
సెలవడిగితే సేఠ్ మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. రాజవ్వకు తెల్లదాన్నీ నల్లదాన్నీ అప్పగించాను. ఎన్ని మేత గింజలు వెయ్యాలో చూపిస్తుంటే, "తెలుసు తియ్యి, రోజు సూస్తలేనా నిన్ను," అంది. గుమ్మం దాకా వచ్చి, "రేపే ఉరుక్కుంట రాకు," అంది.

కిమ్ స్టేషన్. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. దిగగానే ఫోన్ చెయ్యమన్నాడు. చెయ్యలేదు. నేను ఎక్కిన రైలు వెళ్లిపోయింది, దిగినవాళ్లూ వెళ్లిపోయారు.

ఉండిపొమ్మంటే ఏం చెప్పాలి? ఉన్ బస్తీలో ఇల్లు, రింగ్ రోడ్‌లో పని, ఆదివారం కప్పులు... అవి నావి, వదలలేను. ఉండమనకపోతే? అదీ ఆలోచించాను. దానికే ఎక్కువ భయంగా ఉంది.

ఫోన్ మోగుతోంది. ఆయనే. బతికిందని చెబుతాడో, పోయిందని చెబుతాడో, ఎక్కడున్నావని అడుగుతాడో —