చింతపండుతో తోమిన నయాపైసా

కొవ్వూరు,
15-2-2000, మంగళవారం.

గౌరవనీయులైన బావగారు బుల్లియ్య గారికి,

కొవ్వూరు నుంచి మీ తాతాజీ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ మీరూ, చెల్లెమ్మగారూ, మీ పామాయిల్ తోటా కులాసాయేనని తలుస్తాను.

మీ ఉత్తరం నిన్న అందింది. గురువారం జీపు వేసుకుని వస్తాననీ, హారతిని కొన్నాళ్ళు జంగారెడ్డిగూడెం తీసుకెళ్తాననీ, నా కోపం చల్లారాక దింపుతాననీ రాశారు. ఎవరికండీ కోపం? కాపరానికొచ్చి ఆరునెలలు కాని పిల్ల ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఏడిస్తే, ఆ ఏడుపు పట్టుకుని మీరు నన్ను రాక్షసుణ్ణి చేసేస్తే ఎలాగ? జరిగింది జరిగినట్టు రాస్తాను, చదివి మీరే చెప్పండి.

పెళ్ళిచూపుల నాడు మీరొక మాటన్నారు, గుర్తుందో లేదో. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా రిటైరైన పెద్దమనిషి ఇంకా చిల్లర ఏరుకోవడం ఏంటండీ అని నలుగురిలో నవ్వారు. పిల్లనిచ్చేవారు కదా అని ఆవేళ ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోను. మీ జేబులోంచి ఒక నాణెం తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకసాలలో కొట్టింది. పేకముక్క మీద డైమన్ లాంటి గుర్తుంటే బొంబాయిది. చుక్క ఉంటే నోయిడాది. ఏమీ లేకపోతే కలకత్తాది. పెద్దింటివాళ్ళకి గుమ్మం మీద పేరు అక్కర్లేదన్నట్టు వాళ్ళకి గుర్తు లేదు. తూకం తగ్గినా లోహంలో తేడా వచ్చినా ఏ టంకసాలని నిలదీయాలో తెలియడానికి ఈ ఏర్పాటు.

గుర్తులు మారుతూ కూడా ఉంటాయి. హైదరాబాదు వాళ్ళు ఒకప్పుడు ఆ డైమన్‌కే మధ్యలో గీత పెట్టి వాడుకున్నారు. బొంబాయిదానితో కలిసిపోతోందనుకున్నారో ఏమో, చివరికి నక్షత్రమే నిలబడింది. ఈమధ్య చిల్లరకి కరువొచ్చి పరాయి దేశాల్లో కొట్టించారు కదా, వాటి మీద ఆ దేశాలవాళ్ళ గుర్తులు వేశారు. మొన్నామధ్య బస్సులో కండక్టరు అలాంటి నాణేన్ని దొంగదని ఒకావిడ చేతిలో పెట్టేస్తే, నేను దాన్ని కళ్ళకద్దుకుని జేబులో వేసుకుని ఆవిడకి వేరేది ఇచ్చాను. బస్సంతా నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

నాణేలు పోగేసేవాళ్ళలోనూ రకాలున్నారు. మా క్లబ్బులో అబ్రహాము గారున్నారు, ఏ గుర్తు అరుదుగా దొరుకుతుందో అదే కావాలంటారు. నాకు మాత్రం గుర్తుకొకటి వరసలో ఉంటే చాలు. ఎన్ని రకాలున్నా ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. పాత నాణేన్ని తోమకూడదు. దానికి పట్టిన నలుపే దాని వయసు. తోమిందాన్ని పోటీలో ముట్టుకోరు.

ఇప్పుడు మన అమ్మాయి సంగతికి వస్తాను. మొన్న ఆదివారం రాజమండ్రిలో మా క్లబ్బు ప్రదర్శన. నా నాణేల ఆల్బములు పోటీకి పెట్టడం ఇదే మొదటిసారి. కిందటి బుధవారం బల్లల ఏర్పాటు చూడ్డానికి నేను రాజమండ్రి వెళ్ళాను. మామయ్యగారి నాణేలు నలుగురూ చూస్తారట, నల్లగా ఉంటే ఇంటికి ఎంత నామర్దా అనుకుంది హారతి. పండగ ముందు దేవుడి సామాను తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి ఒక్కోటీ తోమింది. ఏ వరసవి ఆ వరసలో తువ్వాలు మీద ఆరబెట్టింది. నేను గేటు తీసేసరికి పెరట్లో అవి ఎండలో మెరిసిపోతున్నాయి.

పోటీ సంగతి అయిపోయిందనుకున్నాను బావగారూ. వంటింటి గుమ్మంలోంచి మీ చెల్లెమ్మ వెంకటరత్నమ్మ కళ్ళతోనే నన్ను బెదిరించింది. పిల్లేమో చేతులకి చింతపండు రసంతో, నేనేమంటానా అని ఆశగా నిలబడి ఉంది. బావున్నాయమ్మా అన్నాను. ఇంకొక్క మాట అంటే ఒట్టు. తర్వాత ఆ తువ్వాలు పక్కనే చాలాసేపు కూర్చుని, ఒక్కోటీ చూసుకుంటూ ఎక్కడివక్కడ పెట్టేశాను.

మర్నాడు అబ్రహాము గారొచ్చారు. ఆయన మనసు వెన్న, నోటికే తలుపు లేదు. ఆల్బము తెరుస్తూనే సర్వనాశనమైపోయింది, ఎవరు చేశారీ పని అని లబోదిబోమన్నారు. అప్పుడే హారతి కాఫీ పట్టుకొచ్చింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, వీధిలోకి వెళ్ళిపోయింది. మీకు ఫోను చేసింది అప్పుడే. ఆ రోజు నుంచీ సరిగా తిండి లేదు. మా అబ్బాయి గణేష్ ఎంత బతిమాలినా పుట్టింటికి పోతాననే పాట. ఇంక ఈ ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోనని మీ చెల్లెమ్మతో అందిట. వెళ్ళిన పిల్ల సిగ్గుకొద్దీ మళ్ళీ మా గుమ్మం తొక్కుతుందో లేదోనని నాకు బెంగ పట్టుకుంది.

ప్రదర్శనకి రానంటే రానంది. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనని చెప్పాను. నాణేల కింద చీటీలన్నీ నీ దస్తూరీతో రాశావు, నా కళ్ళకి ఆ చిన్న గుర్తులు ఆనవు, వచ్చినవాళ్ళకి ఎవరు చూపిస్తారని దెబ్బలాడాను. రోజూ భోజనాల దగ్గర నేను చెప్పే టంకసాల పురాణం కాదనలేక వింటోందనుకున్నాను గానీ, అంతా దానికి కంఠతా వచ్చు. సరే, బయల్దేరింది. బస్సు బ్రిడ్జి మీదకి రాగానే అందరిలాగే గోదారమ్మకి వెయ్యడానికి పర్సులోంచి రూపాయి తీసింది. వెయ్యబోయి ఆగి, సంవత్సరం కింద చూసింది. నక్షత్రం అని తనలో తను అనుకుని, దణ్ణం పెట్టి అప్పుడు విసిరింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కల్యాణ మండపం నిండా జనం. న్యాయనిర్ణేత శశిభూషణ్ గారు హైదరాబాదు నుంచి వచ్చారు. భూతద్దం పట్టుకుని ఒక్కో బల్లా చూస్తూ మా దగ్గర ఆగారు. ఇవి తోమినవి కదండీ, పోటీకి పనికిరావు అని మర్యాదగానే చెప్పారు. అవునండి, మా ఇంట్లో తోమినవే, చూసేవాళ్ళు చూస్తారు ఉండనివ్వండి అన్నాను. హారతి తలొంచుకుంది. అప్పుడే బళ్ళో పిల్లలు గుంపుగా వచ్చిపడ్డారు. మిగతా బల్లల మీద నల్లటి బిళ్ళలు, మా బల్ల మీద తళతళలాడే నాణేలు. అందరూ మా దగ్గరే మూగారు. నేను గబగబా భూతద్దం దాని చేతిలో పెట్టి, చెప్పమ్మా అన్నాను.

మొదట చీటీల మీదున్నది చూసి చదివింది. నక్షత్రం దాకా వచ్చేసరికి చీటీలు చూడ్డం మానేసింది. ఒక పిల్ల గడుసుది, కలకత్తాకి గుర్తు లేదంటున్నారు, అరిగిపోయిందో లేదో మీకెలా తెలుసండీ అంది. అరిగిపోతే పైన సంవత్సరం కూడా అరగాలి కదా, చూడు అంటూ మనమ్మాయి కలకత్తా వరసలో ఒక్కోటీ చూపించుకుంటూ పోయింది. ఒక నయాపైసా దగ్గర ఆగిపోయింది. భూతద్దం పైకీ కిందకీ జరిపింది.

“మావయ్యగారూ, ఇది కలకత్తాది కాదండి,” అంది.

నేను ఒప్పుకోలేదు. అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పడవాయన గోదాట్లోంచి తీసి ఇచ్చింది. నల్లటి చిలుము గట్టిపడి సంవత్సరం కింద ఏమీ కనపడేది కాదు, అందుకే కలకత్తా వరసలో పెట్టాను. నేను ఉద్యోగం చేసినంత కాలం అక్కడే ఉంది, నిన్నగాక మొన్న వచ్చి నువ్వు కాదంటావా అన్నాను కూడా.

“ఉందండి. డైమన్, మధ్యలో గీత. మీరు చెప్పిందేనండి,” అంది, తల ఎత్తి, నా కళ్ళలోకి చూస్తూ.

శశిభూషణ్ గారిని వెనక్కి పిలిచాం. ఆయన కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు. అమ్మాయి చెప్పింది నిజమే, హైదరాబాదు పాత గుర్తు అన్నారు. ఆ గుర్తున్న నయాపైసా మా క్లబ్బులో ఇంకెవరి దగ్గరా లేదు. తోమడం తప్పేనమ్మా అని మళ్ళీ చెప్పారు, అయినా ఆ చీటీ కొట్టేయించి కొత్తది రాయించారు. కింద ‘గుర్తు కనిపెట్టినవారు: శ్రీమతి హారతి, కొవ్వూరు’ అని ఆయనే చేర్చారు. అబ్రహాము గారు తమ కలకత్తా వరస కూడా ఒకసారి చూసిపెట్టమని దాన్ని బతిమాలుకున్నారు. చింతపండు మాత్రం తేవద్దన్నారు. అప్పుడు నవ్వింది బావగారూ, బుధవారం నుంచీ చూడని నవ్వు.

కప్పు అబ్రహాము గారికి వచ్చింది. రానివ్వండి. మండపంలో అందరూ తాతాజీ గారి కోడలట, తాతాజీ గారి కోడలట అని చెప్పుకుంటుంటే నేను మీసం దువ్వుకుంటూ తిరిగాను. నాకు గర్వంగా ఉందండి, దాచుకోను. వచ్చే నెల నుంచి క్లబ్బులో నాతోపాటు అదీ సభ్యురాలు.

కాబట్టి గురువారం తప్పకుండా రండి, జీపులో జీడిపప్పు వేసుకుని రండి. అమ్మాయిని తీసుకెళ్ళడానికైతే మాత్రం రావద్దు. నిన్న అడిగితే, తను ఇప్పుడెక్కడికీ రాదట, అబ్రహాము గారి ఆల్బములు చూడాలిట.

చెల్లెమ్మగారికి మా నమస్కారాలు.

ఇట్లు,
మీ బావ
తాతాజీ

తా.క. ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను, కారణం మీకే తెలుస్తుంది. బుధవారం తువ్వాలు పక్కన కూర్చున్నప్పుడే ఆ గీత నాకు కనపడింది, కళ్ళకి ఆనవన్నది పిల్లని బయల్దేరదీయడానికే. కేకేసి ఇంటిల్లిపాదినీ పిలవబోయాను. ఏమనిపించిందో, నోరు మూసుకుని మళ్ళీ కలకత్తా వరసలోనే పెట్టేశాను. మర్నాడు పిల్ల ఏడుస్తున్నప్పుడు చెప్పేద్దామా అనుకున్నాను. నేను చెబితే ఓదార్పనుకుంటుంది, తను కనిపెడితే ఆ నాణెం తనది అవుతుంది. కనిపెట్టకపోతే కలకత్తాదిగానే ఉండిపోయేది, నాకేం పోయింది. మీ చెల్లెమ్మకి కూడా చెప్పలేదు. చదవగానే ఈ కాగితం పొయ్యిలో పడెయ్యండి. మొదటి కాగితాలు మాత్రం దాచండి బావగారూ, ఎప్పుడో ఒకప్పుడు హారతి మీ ఇంటికొచ్చి చదువుకోవాలనే అవి రాశాను.