ఆగ్నేయంలో బోరు

జూన్ 2, సోమవారం. మదనపల్లె

పలికింది! నేల కింద నీళ్ళ జాడ వెతికే సార్ పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాం పిలిచింది, సీ భాష లైబ్రరీ పలికింది. కాలేజీ ల్యాబు తలుపు తీసిన గంటలోపే. వారం నుంచి పిలిచినప్పుడల్లా మొత్తం కుప్పకూలడమే... చూడబోతే ఎంత చిన్న సంగతి. ఫోర్ట్రాన్ అంకె ఎక్కడ ఉందో చోటు చెప్పి ఊరుకుంటుంది. సీకేమో అంకెనే తెచ్చి చేతిలో పెట్టాలి. రెంటికీ మధ్య నేను రాసిన కోడులో 'వాల్యూ' అని ఒక్క మాట చేర్చాను. కుర్చీలో కూర్చునే రెండు చేతులూ పైకెత్తేశాను. ఊడ్చడానికి వచ్చిన అటెండరమ్మ, "ఏం మేడమ్, ట్రాన్స్‌ఫర్ ఆగిపోయిందా?" అంది.

కుప్పంలో నా రీసెర్చి గైడు సార్‌కు ఫోన్. రిటైరై పదేళ్లు దాటినా ఆ ప్రోగ్రాం అంటే ఇప్పటికీ కన్నబిడ్డే.

"నా కోడు ముట్టుకోలేదు గదా?"

"ఒక్క లైనూ ముట్టుకోలేదు సార్. మాటిచ్చాను కదా."

"సరే అట్లయితే. మా ఇంటికి కోడలొచ్చిందన్నమాట."

జూన్ 3, మంగళవారం

చేను చేనుకూ ఒక చదరపు గడుల పటం. నేలలో కడ్డీలు పాతి, కరెంటు పంపి తీసిన కొలతలు — వేసవి సెలవులన్నీ పుంగనూరు దగ్గర పెద్దమ్మ ఊళ్ళో ఇదే పని. గడికీ గడికీ మధ్య ఏముందో సార్ ప్రోగ్రాం ఏదో మోటుగా అంచనా కట్టేది. ఆ ఒక్క పనే ఇప్పుడు లైబ్రరీకి అప్పగించాను. ఎక్కడ అడిగితే అక్కడ, కింద తేమ ఎంతో నున్నగా చెబుతోంది.

ఊళ్ళో చేలల్లో ఉన్న బోర్లతో సరిచూశాను. నీళ్ళున్న వాటి దగ్గర ఉందంది, ఎండిపోయిన వాటి దగ్గర లేదంది. అన్నీ సరిపోయాయి. సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని ఒక్కదాన్నే తిన్నాను. ఎవరికీ పెట్టలేదు.

జూన్ 5, గురువారం

పెద్దమ్మ చేను వేసి చూశాను. తేమ ఉంది! ఆగ్నేయం మూల దగ్గర, గట్టుకు కాస్త ఇవతల. వెంటనే ఫోన్.

"ఆగ్నేయంలోనా? ఆడ పొయ్యి పెడతారమ్మా, బోరెవురన్నా ఎస్తారా?"

"కిందున్న రాయికి వాస్తు తెలీదు పెద్దమ్మా."

గొప్పగా అనేశాను. ఇప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి ఆమెకు. ఇదే ఆఖరుది. ఇదీ పోతే మల్బరీ పీకేస్తానని, పట్టుపురుగుల షెడ్డులో ఆవుల్ని కట్టేసుకుంటానని ఉగాది నుంచీ అంటోంది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి పురుగులు పెంచిన మనిషి. ఆకు కోస్తూ పాడుకునే మనిషి.

"నువ్వు సెప్పినావంటే ఎయ్యిస్తా. వచ్చే శుక్రారం బోరు లారీ వస్తాది."

భయమూ వేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ.

జూన్ 7, శనివారం. కుప్పం

సార్ ఇల్లు. తలుపు తీయగానే, "కోడల్ని తెచ్చినావా?" ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. తన పాత కోడు వరసలు వేలితో తడుముతూ చదువుకున్నారు. లైబ్రరీని పిలిచే చోట వేలు ఆగింది.

"ఏ బోర్లతో సరిసూసినావు?"

"ఊళ్ళో చేలల్లో బోర్లన్నిటితో సార్. అన్నీ సరిపోయాయి."

"అన్నీనా? అంత బాగా సరిపోతే నాకు నిద్ర పట్టదమ్మా."

నవ్వాను. ఆయన నవ్వలేదు. అమ్మగారు రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. రెండో ముద్ద వద్దన్నా వేశారు. బస్సు పలమనేరు చేరేదాకా నిద్రే.

జూన్ 8, ఆదివారం. పుంగనూరు

రాత్రి పెద్దమ్మ దగ్గరే ఉన్నాను. పొద్దున ఇద్దరం చేనికి. ఆగ్నేయం మూలలో గుర్తుకు రాయి పెట్టాలి. రాయి నేనే మోస్తున్నాను. గట్ల మీద నడుస్తూ ఊరికే చూస్తున్నా... ఈ చేనులో బోరు ఇంకో మూలన ఉంది. పక్క చేనులోనూ ఆ మూలే. దాని పక్కదీ అంతే.

"పెద్దమ్మా, అందరి బోర్లూ ఒక్క మూలే ఉండాయే?"

"ఈశాన్యం గదమ్మా. మళ్ళా యాడ ఎస్తారు?"

రాయి కింద పెట్టేశాను.

ఫోర్ట్రాన్ పట్టికను నిలువు వరసల్లో దాస్తుంది. సీ అడ్డం వరసల్లో చదువుతుంది. ఇది పిల్లలకు నేనే చెబుతాను, క్లాసులో, బోర్డు మీద బొమ్మ వేసి మరీ! పటం అలా తిరగబడితే ఆగ్నేయం వెళ్ళి వాయువ్యంలో పడుతుంది, వాయువ్యం ఆగ్నేయంలోకి వస్తుంది. కదలనివి రెండే మూలలు — నైరుతి, ఈశాన్యం. నేను సరిచూసిన ప్రతి బోరూ ఈశాన్యంలోనే ఉంది. ఇంకెక్కడైనా ఉండుంటే తప్పు బయటపడేది. పైగా చదరపు పటం, నిలువూ అడ్డమూ సమానం కాబట్టి ప్రోగ్రాం ఎక్కడా తట్టుకోలేదు కూడా.

లైబ్రరీకి పట్టికను తిరగేసి ఇచ్చానా, లేదా? గుర్తు లేదు. పెద్దమ్మకు ఏమీ చెప్పలేదు. "ఎండకు తల తిరిగిందా?" అని మజ్జిగ ఇచ్చింది.

జూన్ 9, సోమవారం. మదనపల్లె

ఈశాన్యంలో లేని బోరు ఒక్కటి కావాలి. పెద్దమ్మ ఊరి బడి! కడ్డీలు పాతడం నేర్చుకోవడానికి మొదటి రోజు బడి మైదానంలోనే కొలతలు తీసి, చేను కాదని పక్కన పెట్టాను. అక్కడ చేతిబోరింగు రోడ్డు పక్కన, వాయువ్యం వైపు ఉంది. ఏళ్ళుగా ఊరంతా తాగుతున్న నీళ్ళు.

అడిగాను. అక్కడ చుక్క లేదంది లైబ్రరీ. నీళ్ళన్నీ ఎదురు మూలలో, మరుగుదొడ్ల వెనక ఉన్నాయంది.

తిరగేసి ఇవ్వలేదు.

ఒక్క లైను. సార్ కోడులో కాదు, మధ్యలో నేను రాసిన దాంట్లో. చేర్చి మళ్ళీ నడిపాను. బోరింగు కింద నీళ్ళు వచ్చాయి. పెద్దమ్మ చేనులో తేమ ఆగ్నేయం వదిలి వాయువ్యానికి పోయింది. సిగ్గేసింది. సార్ అడిగినప్పుడు నవ్వాను కదా, అందుకు ఇంకా సిగ్గేసింది. అయినా లోపల ఎక్కడో హాయి — లారీ రాకముందే దొరికింది.

జూన్ 10, మంగళవారం

రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. మూడోసారి ఆమే చేసింది.

"పెద్దమ్మా, ఆగ్నేయం కాదు. వాయువ్యం. నేను పటం తిప్పి చదివించాను. తప్పు నాదే."

"వాయువ్యంలోనూ ఎయ్యరే అమ్మా."

"తెలుసు."

"ఇదన్నా ఖాయమా?"

"బడి కాడి బోరింగుతో సరిచూసినాను. నీళ్ళు పడతాయని మాత్రం మాటివ్వలేను. పోయినసారి ఇచ్చినట్టు ఇవ్వలేను."

షెడ్డులో పురుగులు ఆకు తింటున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది, వాన తుంపర పడుతున్నట్టు.

"యాల ఏడస్తాండావు? ఆ రాయి తీసి ఈ పక్క పెడతాలే."

జూన్ 11, బుధవారం

సార్‌కు అంతా చెప్పాను. "కోడలిదేం తప్పు? ఇంట్లో వంటిల్లు యాడుందో నువ్వు సరిగా సెప్పలేదు." ఫోన్ పెట్టేసే ముందు — "బాగా పట్టినావు." నా గైడుగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట అనని మనిషి.

జూన్ 13, శుక్రవారం. పుంగనూరు

సెలవు పెట్టి వచ్చాను. లారీ చేనులోకి దిగింది. పెద్దమ్మ టెంకాయలు రెండు తెచ్చింది. ఒకటి ఈశాన్యంలో కొట్టింది, ఇంకోటి వాయువ్యంలో రాయి దగ్గర. "అది దేవుడికి, ఇది నీకు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటింది. బోరు వేస్తున్న మోతలో మాటలు వినపడవు. రాతిపొడి తెల్లగా లేస్తోంది, మల్బరీ ఆకుల మీదా నా పేజీ మీదా. చింతచెట్టు కింద కూర్చుని రాస్తున్నాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలని. లెక్క చెప్పిన లోతు ఇంకా రాలేదు. దగ్గరికొచ్చింది.

మోత ఆగింది. ఇంకా లోతుకు పోవడానికి రాడ్డు తగిలిస్తున్నారు. పెద్దమ్మ వంగి పిడికెడు పొడి తీసింది. గట్టిగా పిసికి, అరచెయ్యి తెరిచి చూసుకుంది. నా దగ్గరికి రాలేదు. నేనూ లేవలేదు. తడి తగిలి ముద్ద నిలిచిందో, పొడిపొడిగా రాలిందో ఇంత దూరం నుంచి కనపడలేదు... చెయ్యి మూసేసుకుంది. కొంగు నడుముకు బిగించి లారీ వైపు తిరిగింది.

"ఇంకో రాడ్డు దించప్పా!"