వంతెన మీద పడని ముద్ర

17 మార్చి 1988, గురువారం

రెండు బకెట్ల బట్టలు ఉతికాను. బియ్యం ఏరాను. ఊరికని కట్టిన పెట్టె విప్పి చీరలు బీరువాలో సర్దేశాను.

సోమవారం ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా పాస్‌పోర్టు తిరగేసి, వచ్చీరాని హిందీలో అడిగాడు. "పోయిన నెల ఈ దీవి నుంచి వంతెన మీదుగా సౌదీ వెళ్లినట్టు ముద్ర ఉంది. తిరిగొచ్చినట్టు లేదు. మరి ఇక్కడెలా ఉన్నావమ్మా?" ఆ ముద్ర పడేదాకా విమానం ఎక్కనివ్వనన్నాడు.

ఆ రోజు సౌదీలోని ఖోబర్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు తలనొప్పితో కారు వెనక సీట్లో నిద్రపోయాను. లేపడమెందుకని వంతెన మీద తనిఖీ దగ్గర ఈయన తన పాస్‌పోర్టు ఒక్కటే కారు కిటికీలోంచి ఇచ్చారట. ఎయిర్‌పోర్టులోనైతే ఎవరికి వాళ్లు ఎదురుగా నిలబడాలి. కూరగాయల చీటీ రెండుసార్లు చూసుకునే నేను ఆ పేజీ ఒక్కసారైనా తెరవలేదు.

"నువ్వొచ్చాకే ఆపరేషను చేయించుకుంటానే" అని కాకినాడ ఆసుపత్రి నుంచి అక్క ఫోనులో మొండికేసింది. నిన్న టెలిగ్రాం వచ్చింది. అక్క పోయింది.

ఈ ఉదయం ముద్ర వేసి ఇచ్చారు. ఇక వెళ్లొచ్చట. చూడాలన్న మనిషే లేదు.

"లేపాల్సింది" అంటారు ఈయన, గోడవైపు చూస్తూ. పరవాలేదండీ అనడానికి నాకు నోరు రాలేదు. ఎప్పటికైనా వస్తుందో లేదో...

ఏజెంటు టికెట్ డబ్బు వాపసు ఇచ్చాడు. పక్కింటి మేరీ "ఇప్పుడెందుకు వదినా, ఉంచుకో" అంటున్నా చేతిలో పెట్టి వచ్చాను.

మేరీ దగ్గర టికెట్‌కి తెచ్చిన అప్పు నూట నలభై దినార్లు: తీరింది.