డాబా మీది గోడ

బందరు,
ఆదివారం.

దీవెన నాన్నగారికి,

మీ వందన ప్రేమతో రాస్తున్నది. ప్రభువు కృప వల్ల నేనూ పిల్లా కులాసాగానే ఉన్నాం. పారాదీప్‌లో మీరూ వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారు. మీ అన్నయ్య పేరెత్తగానే మీకు సిగ్నల్ పోతుంది కదా. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. దీవెన దగ్గు తగ్గింది, బడికి వెళ్తోంది. స్లాబు మీద తెల్లరంగు వేయించావా అన్నారు. మీరు చెప్పిన రకమే రెండు పూతలు వేయించాను. చిన్న జల్లులకు కారడం ఆగింది. కిందటి నెల అల్పపీడనం పట్టినప్పుడు మళ్ళీ కథ మొదటికొచ్చింది. పడక గదిలో పెద్ద పెచ్చు ఊడి, సరిగ్గా దీవెన తలగడ మీద పడింది. పిల్ల అప్పుడు బడిలో ఉంది కాబట్టి సరిపోయింది. మీరు కంగారు పడతారని ఈ సంగతి ఫోనులో చెప్పలేదు.

ఇక లాభం లేదని ఆ మధ్యాహ్నం వానలోనే పైకెక్కాను. మన వైపు డాబా అంతా మడమల లోతు నీళ్ళు. అవి వెళ్ళి ఆగిపోయింది మీరు కట్టించిన గోడ దగ్గరే. మావయ్యగారు ఈ ఇల్లు కట్టినప్పుడు వాలంతా తూర్పుకు పెట్టారు. నీళ్ళు పోయే గొట్టాలు రెండూ అటే, అంటే ఇప్పుడు కృపానందం బావగారి వాటాలో ఉన్నాయి. పంపకాల్లో మాటా మాటా పెరిగి, కిందే కాదు పైన కూడా హద్దు ఉండాల్సిందేనని మీరు మూడు వరసల ఇటుక పెట్టించారు. ఆ కోపంలో మీకు వాలు గుర్తు రాలేదు. నాకూ తట్టలేదు.

నీళ్ళు బకెట్‌తో తోడి, పిట్టగోడ దాకా మోసుకెళ్ళి సందులోకి పారబోస్తున్నాను. అటువైపు బావగారు తలకు తువ్వాలు చుట్టుకుని పైకొచ్చారు. పంపకాలయ్యాక ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"అంత దూరం మొయ్యడం దేనికమ్మా? ఇటు పొయ్యి," అన్నారు.

గోడ మీంచి పోశాను. ఆయన చీపురుతో గొట్టం వైపు నెట్టారు. చాలాసేపు ఇద్దరం అదే పని. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఉండబట్టలేక దీవెన తలగడ మీద పెచ్చు పడ్డ సంగతి చెప్పి అడిగేశాను.

"గోడ కట్టేటప్పుడే మీకు తెలుసు కదండీ, ఒక్క మాట చెప్పలేదే?"

"ఎట్టా చెప్పేదమ్మా? గొట్టాలు నా వాటాలో ఉన్నాయంటే, అన్న ఇది కూడా లెక్కేస్తున్నాడని అనుకోడా వాడు? తర్వాత వాడికే తెలిసొస్తుందిలే అని ఊరుకున్నా. పెచ్చులూడి పిల్ల మంచం మీద పడతాయని నేననుకున్నానా?"

జాలితో పాటు ఆయన మీద ఒళ్ళు కూడా మండింది. మీ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, సందేహం లేదు. మీరు అలిగి, ఆయన మొహమాటపడి కూర్చుంటే మధ్యలో తడిసింది నేనూ నా పిల్లా.

ఇక అసలు మాట. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచాను. వాన తెరిపిచ్చాక మోహన్ మేస్త్రిని పిలిపించాను. పైన కొత్తగా ప్లాస్టరింగ్ చెయ్యాలన్నాడు. వాలు ఎటు పెట్టమంటారని అడిగాడు. కావాలంటే వీధి వైపుకు తిప్పి మనకు వేరే గొట్టాలు పెట్టొచ్చన్నాడు. మిమ్మల్ని అడగాల్సింది. ఏమంటారో తెలుసు కాబట్టే అడగలేదు. మావయ్యగారు పెట్టినట్టు తూర్పుకే పెట్టమన్నాను. గోడ మొత్తం తీయించేశాను. ఇవాళ చర్చి నుంచి వచ్చేసరికి పెద్ద వాన. ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. మీకు కోపం వస్తుంది, రానివ్వండి. తప్పు చేశానని మాత్రం అనను.

ఒక్క సంగతి తేలలేదు. తీసిన ఇటుకలు బావగారి మెట్ల పక్కన పేర్చి ఉన్నాయి. కరివేపాకు మొక్క చుట్టూ పాదు కట్టుకుంటానని మీ వదిన అడిగింది. తీసుకోమన్నాను. బావగారు ముట్టుకోనివ్వలేదు. "అవి ఫిలిప్ ఇటుకలు. వాడు ఇస్తానంటేనే," అన్నారు. మిమ్మల్ని అడగడానికి ఆయనకు నోరు రాదు. ఇస్తానని మీరే చెప్పండి. నాకు కాదు, ఆయనకు.

ఇట్లు,
ఈ ఒక్కసారికి మీ మాట వినని మీ భార్య,
వందన