కొలవని పొడవు

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవెనలు. మీ నాన్న, నేను, గోడ మీది బల్లితో సహా ఇక్కడ అందరం కులాసా. నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటాను. ఫోన్ చేస్తే నన్ను మాట పూర్తి చేయనివ్వవు, అందుకే రాస్తున్నాను.

మోకాళ్ళ సంగతి అడిగావు. కుర్చీ పనిలోకి మారాక నెమ్మదించాయి. ఇరవై రెండేళ్ళు మెషిన్ దగ్గర నిలబడినదానికి కంప్యూటర్ అప్పగించారంటే మాటలా! ఇనుము కోసే ఏ కట్టర్ ఎంత లావు, దానికెన్ని పళ్ళు, దాన్ని పట్టి ఉంచే హోల్డర్‌లోంచి ఎంత పొడవు బయటికి ఉంటుంది, అన్నీ నేను నింపితేనే మెషిన్ కదిలేది. "అద్దాలక్క ఆఫీసరైపోయింది" అని నా కళ్ళజోడు చూసి, మెషిన్ నడిపే మా ఆపరేటర్ ఏడిపిస్తాడు. నోటికి హద్దు లేదు గాని, పనిలో వంక పెట్టలేం.

మూడు వారాల కిందట ఆయన మెషిన్ మీదే హోల్డర్ వెళ్ళి ఇనుప దిమ్మెను గుద్దేసింది. కట్టర్ సరిగ్గా బిగించలేదని ఆయన మీద రాసి, మేనేజరు నన్ను సాక్షి సంతకం పెట్టమన్నాడు. నీకు రాస్తే, "పెట్టేయమ్మా, నీకెందుకు?" అన్నావు. ఒళ్ళు మండిందిరా నాకు! ఆ సంతకంతో ఆయన ఉద్యోగం ఊడుతుంది.

నీకు రాయనిది ఒకటుంది. తప్పు నాది. కంప్యూటర్‌లో పది మిల్లీమీటర్ల కట్టర్ వివరాలు కాపీ చేసి పన్నెండుదానికి వాడాను. లావు మార్చాను, పొడవు మరిచాను. అరవై అని ఉండిపోయింది. మా పన్నెండుది పొట్టిది, నలభైకి మించి బయటికి రాదు. అరవై అనుకున్న తెర మీది బొమ్మలో ఎక్కడా తగల్లేదు. అసలు మెషిన్‌లో కట్టర్ చాలక, హోల్డరే దిమ్మె మీదికి దిగింది. ఆపరేటర్‌కు వెళ్ళే కాగితంలో కట్టర్ నంబరే తప్ప పొడవు ఉండదు. లేచి నాలుగడుగులు వేసి, స్కేలు పెట్టి కొలవడానికి బద్ధకించాను. గుద్దిన రోజు సాయంత్రమే ఫైలు తెరిచి చూసుకున్నాను. కుర్చీ మీద ఆశతో ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఈ ఉదయం మేనేజరు ఇచ్చిన ఆ సాక్షి కాగితాన్ని తిరగేసి, వెనక నా తప్పు నేనే రాసి సంతకం పెట్టాను. మేనేజరు మొహం మాడిపోయింది. నేను కంప్యూటర్‌లో నింపిన ఆ ప్రోగ్రాం సరిచూశానని సంతకం చేసింది ఆయనే మరి.

"ఇది చించేస్తాను. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. కుర్చీ పోతుంది."

"చించుకోండి సార్. నకలు నోటీసు బోర్డు మీద పెట్టే వచ్చాను."

సోమవారం నుంచి మళ్ళీ మెషిన్ దగ్గర నిలబడాలి. నిలబడతాను, ఏం? మీ నాన్న తల పట్టుకున్నారు. పట్టుకోనీ.

బోర్డు చదివి ఆపరేటర్ వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా పడేదాన్ని. తిట్టలేదు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నేనే సరిగ్గా బిగించలేదేమో అనుకుంటున్నానక్కా. మూడు వారాలుగా బిగించిందే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాను" అన్నాడు.

ఇప్పుడు రాయి నాకు, "నీకెందుకమ్మా" అని.

ఇట్లు,
నిన్ను కన్న మొండిది,
అమ్మ