అత్తయ్యే పట్టుకోవాలి

జూన్ 3
ఇంట్లో మళ్లీ యుద్ధం. అత్తయ్యకు చూపు మందగించాక డిటెక్టివ్ నవలలు మామయ్యే చదివి వినిపిస్తున్నారు. ఆయన ముందే ఆఖరి పేజీ చూసేస్తారు. ఇక హంతకుడు కథలోకి అడుగుపెట్టగానే గొంతు బొంగురుపోతుంది. ఇవాళ వంటవాడు గుడ్ మార్నింగ్ అన్నాడో లేదో, దొరికిపోయాడు. మీ చదువూ వద్దు, మీరూ వద్దని అత్తయ్య ముసుగుతన్నారు.

ఆడియో పెడతానన్నాను. ససేమిరా అన్నారు. తన కళ్లతో చదివి, తనే పట్టుకోవాలట. లేకపోతే అది చదవడమే కాదట.

జూన్ 5
దేవుడున్నాడు! ఆఫీసులో నాకు అప్పగించిన కొత్త ఈబుక్ డిటెక్టివ్ నవల. అత్తయ్య చదవనిది.

కానీ ఫిక్స్‌డ్ లేఅవుట్. ప్రతి లైనునూ విడి డబ్బాలో పెట్టి, పేజీలో ఫలానా చోటే ఉండాలని మేకు కొట్టేశారు. అక్షరం పెద్దది చేస్తే సగం లైను స్క్రీన్ బయటికి పోతుంది. ఆ మేకులన్నీ పీకి, అక్షరం ఎంత పెంచినా లైన్లు వాటంతటవే సర్దుకునేలా చేయడం నా పని. చూపు తగ్గిన పాఠకురాలు ఇంట్లోనే ఉన్నారని ఎడిటర్‌కి చెప్పాను. టెస్టింగ్‌కి అంతకంటే ఏం కావాలి, ఇవ్వమన్నారు.

జూన్ 9
మేకులు పీకడానికి చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఒక్క రన్‌తో అన్నీ ఊడాయి. నా భుజాలు నేనే చరుచుకుని, నవల ఎక్కించిన టాబ్లెట్ అత్తయ్య చేతిలో పెట్టాను.

జూన్ 10, ఉదయం
కొంప మునిగింది.

మొదటి అధ్యాయం చదివి, రచయిత ఘటికుడు అన్నారు అత్తయ్య. శవం దొరక్కముందే అందరూ ఏడవడం, ఇన్‌స్పెక్టర్ జవాబులన్నీ విని ఆ తర్వాత ప్రశ్నలు వేయడం ఆవిడకు తెగ నచ్చాయట. కొత్త రకం నవల అనుకున్నారు!

తప్పు నాదే. డిజైనర్ పేజీలో ఏ డబ్బా ముందు పెడితే కోడ్‌లో అదే ముందుంటుంది. మేకులున్నంతసేపూ ఏ లైను చోట్లో ఆ లైను ఉంది. పీకగానే అన్నీ కోడ్ వరసలో పోలోమని దిగిపోయాయి. ఆఖరి అధ్యాయం దాకా వెళ్లి ఉంటే, ఆధారాలకంటే ముందే హంతకుడు బయటపడేవాడు. టాబ్లెట్ లాక్కున్నాను. మామయ్య పడీ పడీ నవ్వారు. ఇకనుంచి తిట్లు ఇద్దరికీ సమానంగా పంచాలట.

జూన్ 11
ఏ లైను పేజీ పైనుంచి ఎంత దూరంలో ఉందో చూసి అన్నిటినీ వరసలో పెడుతున్నాను. తర్వాత వాటిని కలిపి పేరాలు చేయాలి. వాక్యాల మధ్యలో పేజీ నంబర్లు ఇరుక్కున్నాయి. నేను చంపలేదు 112 అంటూ నవలలో ఒకావిడ ఏడుస్తోంది పాపం.

జూన్ 14
లైన్లు కలిపీ కలిపీ వేళ్లు లాగేస్తున్నాయి. అయినా హాయిగా ఉంది.

జూన్ 16, సాయంత్రం
అయింది! అక్షరం పెంచాను. లైను చివరి మాట బుద్ధిగా కింది లైనులోకి దిగింది. ఇంకా పెంచాను. ఇంకా. స్క్రీన్ మీద కాసిని మాటలే పట్టాయి, అయినా ఒక్కటీ బయటికి పోలేదు.

అత్తయ్య వేలు పెట్టి మొదటి వాక్యం పైకి చదివారు. ఆగారు. మళ్లీ అదే చదివారు. నాకు ఏడుపొచ్చేసింది, సంతోషంతో. తొంగిచూడబోయిన మామయ్యను అత్తయ్య గదిలోంచి తరిమేశారు.

జూన్ 18, మధ్యాహ్నం
అత్తయ్య గదికి లోపల గడియ. భోజనానికి పిలిస్తే పలకలేదు. మామయ్య, నేను గుమ్మం బయటే కంచాలు పెట్టుకుని తింటున్నాం.

లోపలి నుంచి ఒక్కటే కేక. అమ్మ దొంగా, దొరికావు!